అత్తయ్య అడిగిన ఫొటో

మొన్న పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఫోనులో ఒక ఫొటో వచ్చి పడింది. పంపింది మా మేనత్త ఊళ్ళో ఇప్పటి పాస్టరు గారు. అత్తయ్య పోయేముందు తన పెంకుటిల్లు చర్చికి రాసిచ్చేసింది. ఇప్పుడు దాన్ని విప్పి సండేస్కూలు గది కడుతున్నారట. గోడకి ఈ ఫొటో ఉంది, మీవాళ్ళేమో చూడండమ్మా అని రాశారు. కింద ఒక ప్రశ్న కూడా అడిగారు. దాని సంగతి చివర్లో చెప్తాను. జవాబు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఫొటో చూడగానే ముందు నాకు వాసన తగిలింది. వేపాకు, కలరా ఉండలు, కాలుతున్న ఉన్ని. ఇన్నేళ్ళలో ఆ మూడూ కలిసిన వాసన నాకు మళ్ళీ ఎక్కడా తగల్లేదు, తగలకూడదనే కోరుకున్నాను.

మేమప్పుడు బహ్రెయిన్‌లో, అవాలీలో ఉండేవాళ్ళం. ఎడారి మధ్యన ఆయిల్ కంపెనీ వాళ్ళు కట్టుకున్న ఊరు అది. కంచెకు అవతల ఇసుక, గొట్టాలు, పగలూ రాత్రీ ఆరని గ్యాసు మంట. ఇవతల పచ్చగడ్డి, కాగితప్పూల తీగలు, సాయంత్రం నాలుగింటికి టీ. నాన్న ఒక ఇంగ్లీషు దొరగారింట్లో వంటవాడు. అమ్మ ఆ ఇంటి బట్టలూ ఇస్త్రీ చూసేది. బంగళా వెనక రెండు గదులు మావి. దొరగారింట్లో మిగిలిన కేకు మేం తినేవాళ్ళం, వాళ్ళు చదివేసిన పుస్తకాలు నేను చదివేదాన్ని, వాళ్ళమ్మాయికి పొట్టయిన గౌను నాకు సరిపోయేది. ఇద్దరికీ పదకొండేళ్ళే, కానీ ఆ పిల్ల పొడగరి. అలా అలా మేము కూడా సగం ఇంగ్లీషువాళ్ళమే అనుకోవడం మొదలుపెట్టాం. కాదని గుర్తు చేసేవాళ్ళు ఎవరొచ్చినా మాకు ఒళ్ళు మండేది.

ఆ ఏడాది ఎండలు తగ్గాక అత్తయ్య వచ్చింది.

అత్తయ్య నాన్నకు అక్క. నాయనమ్మ పోయేనాటికి నాన్నకు మూడేళ్ళు. అత్తయ్యే చంకనేసుకుని పెంచింది, పెళ్ళయి అత్తారింటికి వెళ్తూ తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది. మామయ్య ఆ ఊరి చర్చిలో సువార్తికుడు. మిషన్ బంగళాలో దొరను బతిమాలి నాన్నను వంటింట్లో పెట్టించింది ఆయనే. నాన్నకు ఇంగ్లీషు వంట అబ్బింది అక్కడే. మేం తిన్న ప్రతి కేకు ముక్కా మామయ్య పుణ్యమే. వాళ్ళకు పిల్లల్లేరు. మామయ్య పోయిన ఏడాదికి నాన్న దొరగారి సంతకంతో విజిటు వీసా తీయించి అత్తయ్యను రెండు నెలలకు పిలిపించాడు.

రేకుపెట్టెలో గోంగూర పచ్చడి, సున్నుండలు, వరుగులు తెచ్చింది. అన్నిటికీ అడుగున, పాత పంచెలో చుట్టి, వేపాకులూ కలరా ఉండలూ వేసి, ఒక కోటు. కాఫీపొడి రంగు ఉన్ని కోటు. మిషన్ దొర సీమకు వెళ్ళిపోతూ మామయ్యకు ఇచ్చిపోయాడు. క్రిస్మసుకూ, ఈస్టరుకూ, సమాధి ప్రార్థనలకూ తప్ప మామయ్య దాన్ని తొడగలేదట. ఎడమ మోచేతి దగ్గర చిమ్మెటలు కొడితే అత్తయ్య మందారం రంగు దారంతో రఫ్ఫు చేసింది. కొట్లో ఆ రోజు ఆ రంగే దొరికిందట.

"మీ బావ పోయేముందు చెప్పాడబ్బాయ్," అంది కోటు రెండు చేతుల మీద పట్టుకుని. "'నా కోటు వాడికియ్యి, దొరల దగ్గిర తిరిగేవోడు, వాడికే నప్పుద్ది' అన్నాడు. ఒక్క శుక్రవారం ఇదేసుకుని నా పక్కన నిలబడు. ఇద్దరం ఫొటో దిగుదాం. ఆ ఫొటో పట్టుకుని ఎల్లిపోతా. నాకింకేం వద్దు."

"అట్టాగే అక్కా," అన్నాడు నాన్న. కోటు బీరువా పైకి పోయింది.

శుక్రవారాలు మా తెలుగువాళ్ళ ప్రార్థన సల్మానియాలో, పెద్దాసుపత్రిలో పనిచేసే ఒక నర్సమ్మ గారింట్లో జరిగేది. నాన్న దానికి కొత్త నీలం సూటులో వెళ్ళేవాడు. అక్కడ వంటవాడినని చెప్పుకోలేదు. కంపెనీలో 'క్యాటరింగ్' అనేవాడు. ఆ సూటు పక్కన ఈ కోటు ఎలా వేస్తాడు? ఒక రోజు అమ్మతో గొంతు తగ్గించి అంటుంటే విన్నాను.

"దొర చూశాడంటే వాళ్ళు పారేసినవి ఏరుకుని తొడుక్కుంటన్నాం అనుకుంటాడే. అక్కకేం తెలుసు?"

మొదటి శుక్రవారం ఉక్కగా ఉందన్నాడు. రెండోసారి డ్యూటీ ఉందన్నాడు. మూడోసారి బొత్తాం ఊడిందన్నాడు. అత్తయ్య అప్పటికప్పుడు సూదీ దారం తీసి కుట్టేసింది. ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు నాన్నకు. వచ్చే శుక్రవారం ఖాయం అన్నాడు.

ఈలోగా అత్తయ్యను నాకు అప్పగించారు. దొరసాని ఒక రోజు నన్ను పిలిచి, మీ అత్తకు మా ఇంగ్లీషు పద్ధతులన్నీ చూపించు అని నవ్వుతూ చెప్పింది. ఊరికే సరదాకు అన్నమాట అది. నేను మాత్రం కొత్తగా పెత్తనం దొరికినదాన్నయి ఇంగ్లీషు పద్ధతులు సొంతంగా తయారుచేయడం మొదలుపెట్టాను. మొదటిది, టీ తాగినంతసేపూ నిలబడాలి. రెండోది, పెట్టింది వద్దనకూడదు, ముఖం చిట్లించకూడదు.

అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. దొరసాని టీకి పిలిచిన రోజున పూలకప్పు పట్టుకుని తోటలో ముప్పావుగంట నిలబడింది. దొరసాని కుర్చీ చూపించి కూర్చోమంటోంది.

"ఏవంటందమ్మా?" అంది అత్తయ్య.

"ఇంకో కప్పు తాగమంటున్నారు," అన్నాను.

తాగింది. తర్వాత రొట్టె మీద పల్చగా గీరుకుని తినే నల్లటి లేహ్యం ఒకటుంటుంది వాళ్ళకు, ఉప్పు కషాయం లాంటిది. తాటిబెల్లం పాకం అని చెప్పి చెంచాడు నోట్లో పెట్టాను. అత్తయ్య కళ్ళ వెంట నీళ్ళు కారాయి. రెండో పద్ధతి గుర్తుంది కాబట్టి ముఖం కదల్చకుండా మింగి, "బావుందమ్మా, మనూరి పాకం కంటే గట్టిగుంది," అంది. దొరగారమ్మాయి, నేను పొదల వెనక్కి పోయి పొట్టలు పట్టుకుని నవ్వాం. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

అక్కడితో ఆగేదేమో. కానీ వెళ్ళబోతూ అత్తయ్య ఆ పిల్ల బంగారు జుట్టు చూసి మురిసిపోయి, రెండు చేతులతో బుగ్గలు నిమిరి, తన కణతల దగ్గర పెట్టుకుని పటపటా మెటికలు విరిచింది. ఆ పిల్ల ఉలిక్కిపడి బుగ్గలు గౌనుతో తుడుచుకుంది. సాయంత్రమంతా స్నేహితురాళ్ళ ముందు మెటికలు విరిచి చూపించింది. నేను ఆ పిల్లకంటే బాగా చేసి చూపించాను. అందరూ నవ్వాక ఆ పిల్ల నావైపు తిరిగి, మీ ఇంట్లో అందరూ ఇంతేనా అని అడిగింది.

నాకు అత్తయ్య మీద అసహ్యం పుట్టింది ఆ నిమిషంలోనే. ఆ పిల్ల మీద పుట్టాల్సింది. పుట్టలేదు.

ఆ వారంలోనే వాళ్ళ నెగడు పండగ వచ్చింది. వందల ఏళ్ళ కిందట ఎవడో రాజుగారి సభ కింద మందుగుండు పెట్టి దొరికిపోయాడట. ఏటేటా వాడి బొమ్మను గడ్డీ గుడ్డలతో చేసి, పిల్లల తోపుడుబండిలో ఇల్లిల్లూ తిప్పి, సాయంత్రం మంట మీదకెక్కించి కాలుస్తారు. సీమలో చలి కాచుకుంటారేమో, ఇక్కడ ఎడారిలో ఎందుకని ఎవరూ అడగరు. క్లబ్బు వెనక మైదానంలో చెక్కపెట్టెలూ ఎండు ఖర్జూరపు మట్టలూ కొండలా పోశారు. నాన్న రెండు రోజులు అల్లం కేకులు చేశాడు, ఆపిల్ పండ్లకు పుల్లలు గుచ్చి చక్కెర పాకంలో ముంచాడు. మా గదుల దాకా మాడిన చక్కెర, అల్లం వాసన వచ్చేది.

పనివాళ్ళ పిల్లలం ఏటా నాన్న సూపు పోసే బల్ల వెనక నిలబడి చూసేవాళ్ళం. ఆ ఏడాది దొరగారమ్మాయి గడ్డిమనిషిని చేస్తోంది. ఖర్జూరపు పీచు కుక్కి, తలగడ గలేబుకు మీసాలు గీసి తల పెట్టింది. పాత ప్యాంటు దొరికింది, పైకి మాత్రం ఏమీ లేదు. మగవాళ్ళ కోటు ఏదైనా తెస్తే బండి నువ్వే తోయొచ్చు, ముందు వరసలో మాతో నిలబడొచ్చు అంది.

గురువారం మధ్యాహ్నం అది. మర్నాడే నాన్న మాటిచ్చిన శుక్రవారం. అత్తయ్య పొద్దున్నే కోటు దింపించి, ఎండలో ఆరబెట్టి, అమ్మ ఇస్త్రీపెట్టె అడిగి తీసుకుని తన చేత్తో మడతలు పెట్టి తలుపు వెనక తగిలించింది. తన తెల్లచీర కూడా మడిచి పక్కన పెట్టుకుంది. భోజనం చేసి ఏసీ కింద చాప మీద నోరు తెరుచుకుని పడుకుంది. నేను తలుపు వెనక నుంచి కోటు తీశాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి ఎన్నోసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. మర్నాడు ఆ కోటు ఎందుకో నాకు తెలుసు, అత్తయ్యకు అదెంతో తెలుసు. తీస్తుంటే జేబులోంచి ఎండిన వేపాకు ఒకటి రాలింది. కాలితో నలిపేశాను.

ఎవరిది ఇది అని అడిగింది ఆ పిల్ల.

"ఎవరిదీ కాదు," అన్నాను.

పొద్దువాలే వేళకు ఊరంతా మైదానంలో ఉంది. దొరసాని అత్తయ్యకు ముందు వరసలో మడతకుర్చీ వేయించింది, దగ్గరగా చూస్తుందని. అత్తయ్య రేపటి తెల్లచీర ఈ రోజే కట్టుకొచ్చింది. ఇంగ్లీషువాళ్ళ పండగ అంటే చర్చి పండగే అనుకుంది. ఆవిడకు తెలిసిన ఇంగ్లీషువాళ్ళు మిషన్ వాళ్ళే.

"ప్రార్థన ఎవరు చేత్తారమ్మా?" అంది.

"చేస్తారు, ఉండు."

"ఆ బండిలో కూర్చున్నాయనెవరు? పెద్దమడిసా?"

కథ చెప్పాను. దూరానికి, మసక వెలుతురుకు బండిలో కోటు ఆవిడకు ఆనలేదు. అంతా వింది.

"అన్ని వందలేళ్ళయినా క్షమించలేదా తల్లీ?" అంది. "క్షమించమని మనకు చెప్పింది ఈళ్ళేగా."

నేను బండి దగ్గరకు పరిగెత్తాను. నా వంతు వచ్చింది. ఇంగ్లీషు పిల్లల మధ్య ఆ బండి తోసుకుంటూ వెళ్తుంటే నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఇద్దరు మగవాళ్ళు గడ్డిమనిషిని ఎత్తి మంట కొండ మీద కూర్చోబెట్టారు. నిప్పంటించారు. ఎండు మట్టలు ఒక్క ఉదుటున అంటుకుని మైదానమంతా పట్టపగలైంది.

ఆ వెలుగులో గడ్డిమనిషి ఎడమ చేయి మాకే చూపిస్తున్నట్టు చాచి ఉంది. మోచేతి దగ్గర మందారం రంగు రఫ్ఫు.

అత్తయ్య లేచి నిలబడింది. సరిగ్గా అప్పుడే నాన్న పాకం ఆపిల్ పండ్ల పళ్ళెంతో అటు వచ్చాడు. ఆయనా చూశాడు. నాన్న నోరు తెరిచాడు, నేను చూశాను. ఇంతలో దొర వెనకనుంచి వచ్చి భుజం తట్టి, సూపు బ్రహ్మాండంగా ఉందన్నాడు.

"థాంక్యూ సర్," అన్నాడు నాన్న.

"తమ్ముడూ," అంది అత్తయ్య. గొంతు పెద్దది చేయలేదు. "అది మీ బావ కోటు."

నాన్న పళ్ళెం వైపే చూస్తూ తెలుగులో నెమ్మదిగా అన్నాడు. "కూర్చో అక్కా. అందరూ చూత్తన్నారు."

అత్తయ్య కూర్చోలేదు. కొంగు తలమీదికి లాక్కుని, చేతులు జోడించి, సమాధి దగ్గర చేసే ప్రార్థన పైకే మొదలుపెట్టింది. మట్టి నుంచి తీయబడ్డావు, మట్టికి చేరతావు అనే ప్రార్థన. మామయ్య ఊళ్ళో అందరికీ ఆ కోటు తొడుక్కునే చేసినది. తెల్లచీర, తలమీద కొంగు, మంట వెలుగు. దొరసాని గుండె మీద చేయి వేసుకుని, ఎంత అందంగా ఉంది, మన పండగకు ఆవిడ దీవెన ఇస్తోంది అంది. అని కెమెరా తీసింది. కోటు జేబులు అంటుకున్నాయి. వేపాకు, కలరా ఉండలు, ఉన్ని. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. గడ్డిమనిషి తల వాలిపోగానే, ఫ్లాష్ వెలుగులో, అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ నాన్న అన్నాడు. "రాత్రి నువ్వు చూసింది మనది కాదక్కా. అట్టాంటిదే ఇంకోటి. దొరల దగ్గిర అట్టాంటి కోట్లు బోలెడుంటాయి. మనది లాండ్రీకి ఏశా."

తలుపు వెనక ఖాళీ హ్యాంగరు వేలాడుతోంది. అత్తయ్య దానివైపు చూడలేదు. "సరేలే అబ్బాయ్," అంది. నాన్న నీలం సూటు తొడుక్కుని ప్రార్థనకు బయల్దేరాడు. ఇంట్లో అందరం తేలు కుట్టిన దొంగలమే. నాన్న నన్ను ఒక్క మాట అడగలేదు. కొట్టలేదు. నాకు అర్థమైంది, కొడితే ఎందుకో చెప్పాలి. అమ్మ మాత్రం జడ వేస్తూ చెవిలో చెప్పింది. "అత్తయ్య అడిగితే లాండ్రీ అను." అత్తయ్య అడగనే లేదు. మిగిలిన మూడు వారాలూ కోటు మాట గానీ, ఫొటో మాట గానీ ఎత్తలేదు. ఒకటే మార్పు. నేను చేత్తో పెడితే ఏదీ నోట్లో పెట్టుకునేది కాదు. "అక్కడ పెట్టమ్మా, తింటాలే," అనేది.

ప్రయాణం నాడు విమానాశ్రయంలో నాన్న ఒక కవరు తీసి ఇచ్చాడు. దొరసాని కానుకగా పంపింది. అందులో ఆ ఫొటో. అత్తయ్య దాన్ని వెలుతురుకు పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఒక్కో చోటా వేలు పెడుతూ లెక్క చెప్పింది.

"నేను. తమ్ముడు. ఆయన కోటు. అడిగినయ్యన్నీ ఉన్నాయి."

కొంగులో చుట్టుకుని దోపుకుంది. నాన్న డ్యూటీకి ఆలస్యమవుతోందని వాచీ చూసుకున్నాడు. అత్తయ్య నా తలమీద చేయి వేయలేదు. ఆ రెండు నెలల్లో ఎంగిలి చేత్తోనైనా నిమరని రోజు లేదు, ఆ రోజు తప్ప.

తర్వాత ఇరవై ఏళ్ళ పైనే బతికింది. ఉత్తరాలు రాయించేది. నా చదువు, నా పెళ్ళి, నా పిల్లలు, అందరినీ అడిగేది. ఆ సాయంత్రం గురించి ఒక్క అక్షరం లేదు. నేను చూడడానికి వెళ్ళలేదు. మొదట్లో తీరికలేదనుకున్నాను, తర్వాత ముఖం చెల్లదనుకున్నాను, చివరికి ఆవిడ పోయిందని ఫోను వస్తే, నిజం చెప్పాలంటే, ఊపిరి పీల్చుకున్నాను. నాన్న అంతకు రెండేళ్ళ ముందే పోయాడు. నీలం సూటులోనే పెట్టెలో పడుకోబెట్టారట. ఆ సమాధి కార్యక్రమానికి అత్తయ్య వచ్చి, మంట దగ్గర చదివిన ప్రార్థనే చదివిందట. నేను టికెట్టు దొరకలేదని వెళ్ళలేదు. టికెట్లున్నాయి.

ఇప్పుడీ ఫొటో. రంగులు వెలిసి అంతా ఇటుకపొడి రంగులోకి తిరిగింది. మధ్యలో అత్తయ్య, తలమీద కొంగు. పక్కన నాన్న, చేతిలో పళ్ళెం, కళ్ళు నేలమీద. వెనక మంటలో చాచిన చేయి. కుడివైపు చివర, ఇంగ్లీషు పిల్లల వరసలో, పొట్టి గౌనులో నల్లటి పిల్ల ఒకటి, రెండు అరచేతులూ కలవబోతూ ఆగిపోయి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. నేనంత ఆనందంగా ఉన్న ఫొటో నా దగ్గర ఇంకోటి లేదు.

పాస్టరు గారు అడిగింది ఇది. "ఫొటో వెనక పేర్లున్నాయమ్మా. 'నేను, తమ్ముడు, ఆయన కోటు' అని అమ్మగారు రాయించుకున్నారు. ఆ చప్పట్లు కొట్టే పిల్ల పేరు మాత్రం రాయించలేదు. మనవాళ్ళ పిల్లలాగే ఉంది. ఎవరండీ?"

రెండు రోజులు రాసి చెరిపి, రాసి చెరిపి, ఆఖరికి పంపించాను.

"తెలియదండీ. దొరగారమ్మాయి స్నేహితురాలెవరో అనుకుంటాను."